బోడి రికార్డు

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకు రాయ్‌స్టన్ డేక్రెస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వంటింటి బల్ల మీద పేర్చి ఉన్న మూడు వందల కొత్త రికార్డుల్లో ఓ నలభైకి అట్టలు చుట్టాలి, చిరునామాలు అతికించాలి, వర్షం మొదలయ్యేలోగా పోస్టాఫీసులో పడెయ్యాలి. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో వర్షం మొదలయ్యేలోగా అంటే అసలు నిన్ననే వెళ్ళి ఉండాల్సింది. అయినా రాయ్‌స్టన్‌కు ధీమా జాస్తి. పేరులోనే రాయి ఉన్నవాడు తడుస్తాడే గాని కరగడు.

అతనూ, ఈవెట్ పిన్నాక్ అనే బస్సు డ్రైవరూ కలిసి పదకొండేళ్ళుగా హిప్‌హాప్ పాటలు చేస్తున్నారు. జంట పేరు 'టూ షుగర్స్'. ఇద్దరూ నలభై దాటినవాళ్ళే గనుక ఇదేదో డాక్టరు రాసిచ్చిన పేరు అనుకునే ప్రమాదం ఉంది. కాదు, ఇద్దరూ టీలో రెండేసి చెంచాల చక్కెర వేసుకుంటారు, అంతే. దరువు కట్టేది అతను, మాట కట్టేది ఆమె. వెనక కంపెనీ లేదు, ముందు మేనేజరు లేడు. రికార్డు అచ్చు వేయించేదీ వాళ్ళే, ఊరూరికీ పంపేదీ వాళ్ళే, మిగిలినవి చీకట్లో కాళ్ళకు తగిలించుకునేదీ వాళ్ళే.

పదకొండు గంటల డ్యూటీకి యూనిఫాం వేసుకుని వచ్చిన ఈవెట్, అట్టలు చుట్టడంలో సాయం చెయ్యాల్సింది పోయి ఫోను చూస్తూ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఒరేయ్ రాయ్! ఆ టేపు పక్కన పెట్టు. ఫిలిప్పా రాసింది."

"ఏ ఫిలిప్పా?"

"లండన్ ఫిలిప్పా రా. టీవీ వాళ్ళ ఫిలిప్పా. మన 'మంగళవారం చెత్త' తీసుకుంటున్నారు! ఆదివారం రాత్రి డిటెక్టివ్ సీరియల్, మొదటి భాగం, ఆఖర్న మన పాట!"

'మంగళవారం చెత్త' అన్నది వాళ్ళ పాటల్లోకెల్లా మంచిది. వీధి చివర చెత్తబుట్టలు వరసగా నిలబెట్టే రోజు మీద కట్టారు. బల్ల మీది కొత్త రికార్డులోనూ దాన్ని మళ్ళీ వేశారు. చెత్త పాట అని ఎవరన్నా వెక్కిరిస్తే, "అవును, చెత్త పాటే, నిన్ను చూసే రాశాను" అనేది ఈవెట్. పదకొండేళ్ళలో ఆ పాటను విన్నవాళ్ళు మహా అయితే నాలుగు వందల మంది. ఆదివారం రాత్రి ఆ సీరియల్ చూసేది అరవై లక్షల మంది.

"అయితే సాయంత్రం ఐదింటిలోగా కాగితం పంపాలట," అని చదివింది ఈవెట్. "ఒక్క గడి ఖాళీ. పాటలో తిరిగి తిరిగి వచ్చే ఆ బూర ముక్క ఏ పాత రికార్డులోది, వాయించిందెవరు, హక్కుదారు సంతకం. ఐదు దాటితే వాళ్ళ దగ్గర ఇంకో పాట రెడీగా ఉందట. చెప్పు, రాసుకుంటా."

రాయ్‌స్టన్ ఒక అట్టకు టేపు చుట్టాడు. దానికే మళ్ళీ చుట్టాడు. మూడోసారీ చుట్టాడు.

"టీ పెట్టనా?" అన్నాడు.

బడి రోజుల నుంచి అతణ్ణి ఎరిగిన ఈవెట్ గుండెలో రాయి పడింది. రాయ్ తనంతట తాను టీ పెడతానన్నాడంటే కొంప మునిగినట్టే.

పాత రికార్డులోంచి రెండు క్షణాల ముక్క కోసి, దాన్ని గానుగెద్దులా తిప్పి, దాని మీద మాట నడిపించడం వాళ్ళ విద్య. ముక్క లేకపోతే ఆ వృత్తివాళ్ళకు ముద్ద దిగదు. ఆ ముక్క ఎక్కడిదో పక్కవాడికి తెలియనివ్వకపోవడం ఆ విద్యలో సగం. రాయ్‌స్టన్ తండ్రి ఎగ్బర్ట్ డేక్రెస్ ఆ ఊళ్ళో బీరువాలంత స్పీకర్లు పెట్టి పాటలు వేసినవాడు. ఏ రికార్డు వేస్తున్నాడో పోటీవాళ్ళు తొంగి చూస్తారని, ప్రతి రికార్డు నడినెత్తినా ఉండే లేబుల్‌ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి ఒలిచేసేవాడు. కొడుక్కి ఆస్తి ఇవ్వలేదు గాని ఈ అలవాటు ఇచ్చి పోయాడు. రాయ్‌స్టన్ ఇంట్లో పదకొండు వందల రికార్డులుంటే అన్నీ బోడివే. కొడుకు తండ్రిని మించాడు. జనం ఇచ్చేసిన పాత సామాన్లు అమ్మే ఛారిటీ షాపులో పెట్టెలకు పెట్టెలు కొని, తనకు కూడా తెలియకూడదని కళ్ళు సగం మూసుకుని మరీ ఒలిచేవాడు.

"అంటే నీక్కూడా తెలీదా?" అంది ఈవెట్.

"రహస్యం అంటే అదే కదే."

"అట్ట? అట్ట మీద పేరుండదూ?"

"అట్టలు మార్చేశాను. అది పిల్లల క్రిస్మస్ పాటల అట్టలో ఉంది."

"మరి రికార్డు మధ్యలో, గీతలు ఆగిపోయేచోట, ఫ్యాక్టరీవాళ్ళు నంబరు చెక్కుతారే?"

"మేకుతో గీకేశాను," అన్నాడు రాయ్‌స్టన్. ఆ గొంతులో సిగ్గుతో పాటు రవ్వంత గర్వం కూడా ఉంది.

"దరువు కట్టేవాడికి తాళం తెలిస్తే చాలురా! నువ్వే ఓ తాళానివైపోయి, చెవి పారేసుకుంటే ఎలా?"

"కంగారు పడకు. నేను చూసుకుంటాగా," అన్నాడు రాయ్‌స్టన్. ఆ మాట మీద నమ్మకంతో కాకపోయినా, బస్సు ఆలస్యమైతే ఊరుకోరన్న భయంతో ఈవెట్ డ్యూటీకి వెళ్ళిపోయింది.

అతను చూసుకోవడం మొదలుపెట్టాడు. పాట వినిపిస్తే పేరు చెప్పే యాప్ ఒకటి ఫోనులో దించుకుని, బోడి రికార్డును తిప్పి, బూర ముక్క దగ్గర ఫోను పట్టుకున్నాడు. ఫోను ఒక్క క్షణం ఆలోచించి, ఎంతో నమ్మకంగా జవాబు చెప్పింది: మంగళవారం చెత్త, పాడినవారు టూ షుగర్స్.

ప్రపంచమంతా తమను గుర్తుపట్టాలని పదకొండేళ్ళుగా మొక్కుకుంటే, ఇవాళ గుర్తుపట్టింది. రాయ్‌స్టన్ ఫోనును బల్ల మీద బోర్లించాడు.

ఇక మిగిలింది బాజ్ మాక్సన్. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క రికార్డుల కొట్టు అతనిది. పోటీ జంటలో సగం కూడా అతనే. ఆ బూర ముక్క ఎక్కడిదో తెలుసుకోవాలని నాలుగేళ్ళుగా బతిమాలాడు, బీరు పోయించాడు, ఒకసారి పుట్టినరోజు పేరు చెప్పి ఇంటికొచ్చి బీరువా కూడా తీశాడు. పేరుకు బాజ్, తీరుకు బాజా: చెవిన పడ్డది ఊరంతా వాయించాల్సిందే. అలాంటివాడి దగ్గరికి తన గుట్టు తానే మోసుకెళ్తూ, రాయ్‌స్టన్ దారిలో ఒక అబద్ధం తయారుచేసుకున్నాడు.

"మా అత్తయ్యది. అమ్మేస్తుందట. ఏ రికార్డో చూసి చెప్పు గురూ. హెడ్‌ఫోన్‌లో విను, గట్టిగా పెట్టకు."

బాజ్ హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. చెవులు మూసుకున్న మనిషికి తన గొంతు తనకు వినపడదు. బూర ముక్క రాగానే అతను కళ్ళు మూసుకుని, కొట్టులో ఉన్న ఏడుగురికీ వినపడేలా, ఆ ముక్కను "పా... పపా!" అని పాడాడు. పాడి, కళ్ళు తెరిచాడు.

"ఇదా! ఇదే కదూ ఆ ముక్క! నువ్వు ఇది అమ్మేస్తున్నావా రాయ్?"

"నేను కాదు, మా అత్తయ్య..."

"అయ్యో గురూ," అని బాజ్ కౌంటరు దాటి వచ్చి అతణ్ణి కావలించుకున్నాడు. "ఏ రికార్డో నాక్కూడా తెలీదు. కానీ నువ్వు ప్రాణం లాంటి రికార్డు అమ్ముకునే దాకా వచ్చావంటే నాకు అర్థమైంది. నువ్వేం చెప్పకు. ఈవెట్‌కీ నీకూ చెడిందన్నమాట."

ఏం చెప్పకు అన్నవాడు తాను మాత్రం అందరికీ చెప్పాడు. పన్నెండు గంటలకల్లా ఇంటర్నెట్‌లో టూ షుగర్స్ విడిపోయారు. ఒంటిగంటకు ఎవరో ఇద్దరు కుర్రవాళ్ళు రాయ్‌స్టన్ గుమ్మంలో సంచులతో నిలబడి, మిగతా రికార్డులు కూడా అమ్ముతారా అని మర్యాదగా అడిగారు. ఈవెట్ బస్సులోనైతే ఎక్కిన ప్రతి ముసలావిడా టికెట్టుకు బదులు ఓదార్పు ఇచ్చింది. "పోనీలే తల్లీ, వాడు నీకు తగినవాడు కాదు. నా మొదటి మొగుడూ అంతే, పొద్దస్తమానం పాత సామాన్లు పోగేసేవాడు." ఆమె స్టాపులో బస్సు ఆపి ఫోను చేసింది.

"మనం విడిపోయామటగా? నాకో మాట చెప్పొద్దూ? సంగతి తేలిందా?"

"ఇంకా లేదు. కానీ రేడియోవాళ్ళు పిలిచారు. మనం ఎందుకు విడిపోయామో రెండింటికి చెప్పాలట."

"ఏం చెప్తావ్?"

రాయ్‌స్టన్ కిటికీలోంచి వర్షాన్ని చూశాడు. గోడనున్న ఎగ్బర్ట్ డేక్రెస్ ఫోటో వైపు మాత్రం చూడలేదు. "నేను చూసుకుంటాలే," అన్నాడు. ఈసారి ఆ మాట కొంచెం సన్నగా వచ్చింది.

రెండు గంటలకు ఊళ్ళోని చిన్న రేడియో స్టేషన్‌లో అతను తండ్రి పేరు చెడగొట్టే పని చేశాడు. తాము విడిపోలేదని చెప్పి, బోడి రికార్డు బయటికి తీసి, బూర ముక్కను ఊరంతటికీ వినిపించి, "ఇది ఎవరిదో తెలిసినవాళ్ళు ఐదింటిలోగా చెప్పండి బాబూ, మా 'మంగళవారం చెత్త' పాట బతికించండి" అని అడిగాడు.

ఫోన్లు హోరెత్తాయి. మొదటి ఫోను లిండ్లీ నుంచి: మా వీధిలో మంగళవారం చెత్త మూడు వారాలుగా ఎత్తలేదు, ఎవరితో చెప్పుకోవాలి? రెండో ఫోను: మీకు మంగళవారమా, మాకు గురువారం, అదీ ఎత్తరు. మూడో ఆవిడ పక్కింటివాళ్ళు తన బుట్టలో వాళ్ళ చెత్త వేస్తున్నారని పేర్లతో సహా చెప్పబోతే రేడియో ఆయన ఆపాడు. పద్నాలుగు ఫోన్ల దాకా చెత్తే. పదిహేనో ఫోను మాత్రం అరుపుతో మొదలైంది.

"ఆపండి! ఆ రికార్డు తక్షణం ఆపండి! నేను గోల్కర్ నుంచి హోరేస్ థ్యూలిస్‌ని మాట్లాడుతున్నా. అది మీకెక్కడ దొరికింది? ఆపమన్నానా!" ఫోను ఠక్కున పెట్టేసిన చప్పుడు.

"హోరేసో, హోరో తెలీదు గాని, మనిషి దొరికాడు," అని రాయ్‌స్టన్ రికార్డు చంకలో పెట్టుకుని పరుగెత్తాడు.

రాతలో గోల్కర్, నోట్లో గోకా. గోలా, గోకుడూ రెండూ ఉన్న ఆ ఊరు కొండ మీద ఉంటుంది. అక్కడికి పోయే రెండూ నలభై బస్సు ఈవెట్‌దే. రాయ్‌స్టన్ ఎక్కేసరికి బస్సంతా చప్పట్లు కొట్టింది. రేడియో విననివాళ్ళు ఎవరూ లేరు.

"బూర హోరేస్ ఇల్లా నాయనా? చర్చి పక్క సందు, పచ్చ తలుపు," అంది ముందు సీట్లో ఎర్ర గొడుగావిడ. "పిల్లిని పలకరించకు, కరుస్తుంది. పిల్లి కాదు, ఆయన."

"చివరి స్టాపులో నాకు పన్నెండు నిమిషాలుంటుంది," అని ఈవెట్ అద్దంలోంచి చెప్పింది. "పన్నెండు దాటితే నా ఉద్యోగం కూడా మంగళవారం బుట్టలోకే."

చివరి స్టాపులో ఆమె దిగింది. వెనకే రాయ్‌స్టన్ దిగాడు. వాళ్ళ వెనకే, అక్కడ పనేమీ లేకపోయినా, ఎర్ర గొడుగావిడతో సహా తొమ్మిది మంది దిగారు.

పచ్చ తలుపు తెరిచిన హోరేస్ థ్యూలిస్‌కు ఎనభై మూడేళ్ళు. పైగుండీ దాకా పెట్టుకున్న చొక్కా, నున్నగా దువ్విన నెరిసిన జుట్టు, కొరడా లాంటి చూపు.

"నువ్వేనా దొంగవి?"

"కొనుక్కున్నానండీ. ఛారిటీ షాపులో."

"అబద్ధం! హడర్స్‌ఫీల్డ్‌లో ఛారిటీ షాపులన్నీ నేనే ఏరేశాను."

"హాలిఫాక్స్‌లోనండీ."

"హాలిఫాక్స్!" అన్నాడు హోరేస్, ఆ ఊరితో యుద్ధం ఇంకా ముగియనట్టు.

నిమిషాలు దొర్లుతున్నాయి గనుక సంగతి గుమ్మంలోనే బయటపడింది. యాభై ఏళ్ళ కిందట ఇక్కడి ఊలు మిల్లు బూరల బ్యాండు రెండు వందల రికార్డులు సొంతంగా అచ్చు వేయించుకుంది. ఆ పాట కట్టిందీ, పొట్టి బూర వాయించిందీ హోరేసే. బ్యాండు కార్యదర్శి కూడా ఆయనే కాబట్టి కాగితాలన్నీ ఆయన సొరుగులోనే ఉన్నాయి. మిల్లు పోయింది, బ్యాండు పోయింది. ఆ రికార్డులు ఎక్కడ కనబడినా కొని, ఒక్కొక్కటే చెత్తబుట్టలో వేస్తూ వస్తున్నాడు. నూట తొంభై ఒకటి అయ్యాయి.

"ఎందుకండీ?" అంది ఈవెట్.

"ఎందుకా? ఆ ముక్క విన్నావుగా! అది తప్పమ్మా! అర క్షణం ఆగి ఊదాల్సింది, తొందరపడి ముందే ఊదేశాను. మళ్ళీ వాయించడానికి టైము లేదన్నారు. బ్యాండ్‌మాస్టరు ఆర్నాల్డ్ మూడేళ్ళు నాతో మాట్లాడలేదు, తెలుసా? ఇప్పుడు దాన్ని మీరు కోసి, తిప్పి, వందసార్లు వేస్తారా? అరవై లక్షల మందికా?"

రాయ్‌స్టన్‌కు ఇంకో అనుమానం గుచ్చుతోంది. "లేబుల్ మీద మీ పేరే ఉండేదాండీ?"

"లేబులా? దాని మీద ఏముంది నీ మొహం! ఎవరి పేరు పైన వెయ్యాలన్న దగ్గర ఆర్నాల్డ్‌కీ నాకూ తగాదా వచ్చి, ఆఖరికి తెల్ల కాగితమే అతికించారు."

రాయ్‌స్టన్ మెట్టు మీద కూలబడ్డాడు. వెచ్చటి నీళ్ళలో ముప్పావు గంట నానబెట్టి, వేలి గోళ్ళు అరిగేలా ఒలిచి, అతను కాపాడుకున్న రహస్యం ఖాళీ కాగితం. ఎర్ర గొడుగావిడ జాలిపడి అతని నెత్తిన గొడుగు పట్టింది.

"ఇంకా ఏడు నిమిషాలే," అంది ఈవెట్. తర్వాత వాచీ చూడడం మానేసి హోరేస్ కళ్ళల్లోకి చూసింది. "బాబాయ్ గారూ, ఒక్కసారి వినండి." అని, వర్షంలో, డ్రైవరు యూనిఫాంలో, ఆయన గుమ్మం ముందు పాట ఎత్తుకుంది. బూర ముక్క దగ్గర తన నోటితోనే "పా... పపా!" అని, ఆ ముందొచ్చిన స్వరం మీదే తన మొదటి మాట వేసి, అక్కణ్ణించి వీధిలో బుట్టలన్నిటినీ వరసగా పేర్లు పెట్టి పిలిచింది. తొమ్మిది మంది ప్రయాణికులూ చప్పట్లతో దరువు వేశారు. సగం మంది దరువు తప్పారు, అయినా వేశారు.

"చూశారా," అంది ఊపిరి తీసుకుంటూ. "మీరు ముందొచ్చిన ఆ అర క్షణంలోనే నా మాట నిలబడుతుంది. అందులో కాలు పెట్టుకునే నేను పాటలోకి ఎక్కుతాను. మీరు సరిగ్గా వాయించి ఉంటే నాకు పాటే లేదు బాబాయ్ గారూ."

హోరేస్ చొక్కా పైగుండీ సర్దుకున్నాడు. పిల్లి వచ్చి కాళ్ళ మధ్య కూర్చుంది.

"తప్పని తెలిసినవాళ్ళు నవ్వుతారు," అన్నాడు చివరికి.

"ఎవరికి తెలుసు?"

"ఆర్నాల్డ్‌కి."

"ఉన్నారా?"

"పోయాడు."

"మిగతావాళ్ళు?"

"అందరూ పోయారు. ఒక్క క్లిఫర్డ్ తప్ప. పెద్ద డ్రమ్ము."

"క్లిఫర్డ్ గారి చెవులెలా ఉన్నాయి?"

హోరేస్ మొహంలో మెల్లగా వెలుగొచ్చింది. "వాడికి చెవుడమ్మా. వాడి డ్రమ్ము వల్లే."

"మరింకేం? అది తప్పని ఈ లోకంలో తెలిసింది మీ ఒక్కరికే. మీరు నోరు మూసుకుంటే చాలు. మా రాయ్ చూడండి, గుట్టు ఎంత బాగా దాస్తాడో, వాడికే దొరకదు."

పదకొండో నిమిషంలో, ఈవెట్ తీసిన కాగితం మీద హోరేస్ సంతకం పెట్టాడు. పాట పేరు రాయాల్సిన చోట, పేరు విషయంలోనూ ఆర్నాల్డ్‌తో తగాదాయే గనుక, 'రెండో పక్క, మూడోది' అని రాశాడు. మూడూ యాభైకి కాగితం ఫోటో లండన్ చేరింది. "అద్భుతం!" అని ఫిలిప్పా జవాబిచ్చింది. బస్సు రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఫిర్యాదు చేయాల్సినవాళ్ళంతా చప్పట్లు కొట్టినవాళ్ళే.

సీరియల్ వచ్చిన ఆదివారం రాత్రి హోరేస్ ఇంట్లో పదకొండు మంది టీవీ ముందు కూర్చున్నారు. బాజ్ కూడా వచ్చాడు, ఏడవడానికి సిద్ధపడి. కాలువలో శవం దొరికింది, గంట తర్వాత హంతకుడు దొరికాడు, డిటెక్టివ్ వానలో ఒంటరిగా నడిచాడు, పాట మొదలైంది. వెంటనే టీవీ ప్రకటనలావిడ గొంతు దాని మీదకెక్కింది. తరువాత కుండలు చేసే పోటీ, రేపు వంటల పోటీ, ఎల్లుండి కుక్కల పోటీ అని పేర్లు ఏకరువు పెట్టడంలో ఈవెట్ మాట ఒక్కటి వినపడితే ఒట్టు. చివర్లో ఒక్కసారి ఆవిడ ఊపిరి తీసుకుంది. ఆ సందులో బూర, అర క్షణం ముందుగా, "పా... పపా!" అంది. పాట అయిపోయింది.

"అరవై లక్షల మంది," అన్నాడు హోరేస్, తెల్లబోయి. "సరిగ్గా ఆ ఒక్కటే విన్నారు."

"నేను..." అని మొదలుపెట్టిన రాయ్‌స్టన్‌ను, "నువ్వు చూసుకోకు," అని ఈవెట్ ఆపేసింది.

కానీ సోమవారం నుంచి టీవీవాళ్ళకు ఉత్తరాలు మొదలయ్యాయి. ఆవిడ మాటల మధ్యలో వినపడిన ఆ బూర ఏమిటి, ఆవిడ అంత మాట్లాడకపోతే ఏం పోయింది, పూర్తి పాట ఎక్కడ దొరుకుతుంది? నెల తిరక్కుండా వంటింటి బల్ల ఖాళీ అయింది. మళ్ళీ మూడు వందలు, ఆ తర్వాత మూడు వేలు అచ్చు వేయించారు. ఈసారి లేబుల్ మీద ముగ్గురి పేర్లూ నల్లగా, లావుగా, ఎంత నానబెట్టినా ఊడని జిగురుతో వేయించినవాడు రాయ్‌స్టనే.

మార్చి నెలలో టౌన్ హాల్లో కచేరీ పెట్టారు. టికెట్లన్నీ అయిపోయాయి. ముందు వరసలో గోల్కర్ బస్సు బస్సంతా ఉంది. హోరేస్ నల్ల కోటు వేసుకుని, తళతళలాడే పొట్టి బూరతో వేదిక ఎక్కాడు. యాభై ఏళ్ళుగా తలుపులేసుకుని ఆయన సాధన చేసింది ఆ ఒక్క స్వరమే. ఈవెట్ తల ఊపింది, రాయ్‌స్టన్ దరువు వేశాడు, హోరేస్ కళ్ళు మూసుకుని, అర క్షణం ఆగి, జీవితంలో మొదటిసారి నలుగురి ముందు దాన్ని తప్పులేకుండా ఊదాడు.

పాపం పెద్దాయన, వయసు మీద పడింది, కొంచెం ఆలస్యంగా అందుకున్నాడని హాలంతా అనుకుంది.